ఆఫీసు గ్రూపు, సొంత నంబరు: సందేహాలు - సమాధానాలు

2016 అక్టోబరు 11న పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, పాత మహబూబ్‌నగర్ నాలుగైంది. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా విడిపోయింది. కొత్త కలెక్టరేట్లు, కొత్త మండలాలు వచ్చిన కొద్దీ కొత్త వాట్సాప్ గ్రూపులూ పుట్టుకొచ్చాయి. ఇవాళ పంచాయతీ కార్యదర్శికి మీటింగు కబురు, అంగన్‌వాడీ టీచరుకు రిపోర్టు గడువు, మిల్లు గుమస్తాకు లారీ నంబరు అన్నీ వాటిలోనే వస్తున్నాయి. పని ఆఫీసుది, ఫోను మాత్రం చాలామందికి సొంతదే. అందుకే ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: ఈ అకౌంటు నాదా, ఆఫీసుదా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. నంబరు మీది, దాని మీద అజమాయిషీ ఎవరికీ ఇవ్వకండి. గ్రూపు ఆఫీసుది, దాన్ని మీ ఒక్కరి చేతిలోనే ఉంచుకోకండి. కింది జవాబులన్నిటికీ ఇదే ఆధారం. మీ ఫోన్ మోడల్‌ను బట్టి, యాప్ వెర్షన్‌ను బట్టి మెనూలో మాటలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. వెతికితే ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి.

ప్రశ్న: సార్, ఒకే పంచాయతీలో చాలా ఏండ్లు చేసి ఈమధ్యే వేరే మండలానికి బదిలీ అయ్యాను. పాత ఊళ్లో పారిశుధ్యం, ఉపాధి హామీ, నల్లా నీళ్లు, వార్డు మెంబర్లు, ఇట్ల అన్ని గ్రూపులు నా సొంత నంబరుతో నేనే పెట్టిన. బోరు మోటరు కాలిపోతే ఇప్పటికీ రాత్రిపూట నాకే మెసేజ్ వస్తది. చెప్పకుండా బయటికొస్తే ఊరోళ్లు ఏమనుకుంటారోనని ఉన్న. ఆ సిమ్మే కొత్త కార్యదర్శికి ఇచ్చేయమని ఒకరు సలహా ఇచ్చారు. ఇవ్వొచ్చా?
- పంచాయతీ కార్యదర్శి, దేవరకొండ డివిజన్

జవాబు: సిమ్ ఇవ్వకండి, ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. మీ బ్యాంకు, ఆధార్, ఫోన్‌పే అన్నీ ఆ నంబరుకే కట్టి ఉంటాయి. సిమ్ ఎవరి చేతిలో ఉంటే ఓటీపీ వాళ్లకే వస్తుంది. మీరు అప్పగించాల్సింది గ్రూపును.

ముందు కొత్త కార్యదర్శి గారిని గ్రూపులో చేర్చండి. గ్రూపు పేరు మీద నొక్కితే సభ్యుల జాబితా వస్తుంది. అందులో ఆ పేరు నొక్కి పట్టి ‘మేక్ గ్రూప్ అడ్మిన్’ ఎంచుకోండి. అంతటితో ఆగకుండా సర్పంచ్‌నో కారోబార్‌నో రెండో అడ్మిన్‌గా పెట్టండి. ఒక్క అడ్మినే ఉండి ఆ ఒక్కరూ వెళ్లిపోతే, యాప్ తనంతట తానే సభ్యుల్లో ఎవరో ఒకరిని అడ్మిన్ చేస్తుంది. ఆ ఎవరో ఎవరవుతారో చెప్పలేం. ఊళ్లో గొడవలు తెలిసినవాళ్లకు దీని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత ఒక మెసేజ్ రాయండి. ‘నేను ఫలానా మండలానికి బదిలీ అయ్యాను, ఇకనుంచి నీళ్లు, వీధి దీపాలు, చెత్త బండి సంగతి కొత్త కార్యదర్శి గారికి చెప్పగలరు’ అని. దాన్ని పైన పిన్ చేయండి. పిన్‌ను 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని మూడు రకాలుగా పెట్టుకోవచ్చు, మీరు 30 రోజులే పెట్టండి. ఆ మర్నాడు ‘ఎగ్జిట్ గ్రూప్’ నొక్కి వచ్చేయండి. 2022 ఆగస్టు నుంచి ఎవరైనా గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్లకే వెళ్తోంది, ఊరందరికీ చాటింపు వేసినట్టు కాదు. ఇంకో మాట, గ్రూపు మొదలుపెట్టింది మీరే కాబట్టి మిగతా అడ్మిన్లు మిమ్మల్ని తీసేయలేరు. మీ అంతట మీరే రావాలి.

వచ్చే ముందు పనికొచ్చే గ్రూపుల్లో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. పైపులైను లీకేజీ ఫొటో ఏ తేదీన పెట్టారు, మోటరు రిపేరు గురించి ఎవరికి చెప్పారు అన్నవి ఆడిట్ వచ్చినప్పుడు అక్కరకొస్తాయి.

కొత్త ఊళ్లో మాత్రం సొంత నంబరుతో మొదలుపెట్టకండి. రెండు సిమ్‌ల ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, ఒకే వాట్సాప్‌లో రెండు అకౌంట్లు పెట్టుకునే వీలు 2023 అక్టోబరులో వచ్చింది. రెండో సిమ్ పంచాయతీ పేరిట తీసుకోమని ఎంపీడీవో గారిని రాతపూర్వకంగా అడగండి. ఎంపీడీవోలకూ నా విన్నపం ఒకటుంది. చార్జి అప్పగించేటప్పుడు క్యాష్‌బుక్కు, డిమాండు రిజిస్టరు, తీర్మానాల పుస్తకం లెక్క చూసి సంతకాలు పెట్టిస్తారు. అదే కాగితం మీద ఆ ఊరి గ్రూపుల పేర్లు, కొత్త అడ్మిన్ల పేర్లు కూడా రాయించండి. బదిలీ అయిన మనిషి రాత్రిపూట పాత ఊరి మోటరు గురించి జవాబు చెప్పే బాధ తప్పుతుంది. కొత్తగా వచ్చిన మనిషికి సగం కబుర్లు అందకుండా పోవడమూ తప్పుతుంది.

ప్రశ్న: మాది అమ్రాబాద్ అడవి పక్క ఊరు. పాత కంపెనీ సిగ్నల్ సరిగా రాక వేరే సిమ్ తీసుకున్నాను. పాత దానికి రీచార్జి చేయక రెండు నెలలు దాటింది. వాట్సాప్ ఇంకా పాత నంబరు మీదే నడుస్తోంది, సెక్టార్ గ్రూపు కూడా అందులోనే ఉంది. నడుస్తోంది కదా అని వదిలేశాను. పర్లేదా?
- అంగన్‌వాడీ టీచర్, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: పర్లేదనుకోకండి టీచరమ్మా, ఈ వారమే సరిచేసుకోండి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకం లేకుండా ఉంటే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. ఆ తర్వాత కొంతకాలానికి అదే నంబరు ఇంకొకరికి అమ్ముతారు. ఆ కొన్న మనిషి వాట్సాప్ తెరిస్తే ఓటీపీ ఆయనకే వెళ్తుంది, మీ ఫోన్‌లో మీరు బయటికి వచ్చేస్తారు. మీ సెక్టార్ గ్రూపులో పిల్లల పేర్లు, బరువులు, గర్భిణుల వివరాలు, ఒక్కోసారి ఆధార్ ఫొటోలు కూడా పడుతుంటాయి కదా. ఆ తర్వాత వచ్చేవి ముక్కూ మొహం తెలియని మనిషికి చేరే ప్రమాదం ఉంది.

మీ అదృష్టం, వాట్సాప్ ఇంకా తెరుచుకుంటోంది. సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో ‘చేంజ్ నంబర్’ నొక్కండి. పైన పాత నంబరు, కింద కొత్త నంబరు కొట్టండి. ఓటీపీ కొత్త సిమ్‌కే వస్తుంది కాబట్టి పాత సిమ్‌తో పని లేదు. మీ గ్రూపులు, పేరు, ఫొటో అన్నీ కొత్త నంబరుకు మారిపోతాయి. ‘నోటిఫై కాంటాక్ట్స్’ అని అడిగితే సరే అనండి, సూపర్‌వైజర్ గారికీ తల్లులకూ తెలుస్తుంది. సిగ్నల్ బాగా ఉన్నచోట, మన్ననూరుకో అచ్చంపేటకో వచ్చినప్పుడు ఈ పని పెట్టుకోండి. మధ్యలో సిగ్నల్ పోతే ఓటీపీ కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నించాల్సి వస్తుంది, ప్రయత్నాలు ఎక్కువైతే యాప్ కొన్ని గంటలు ఆగమంటుంది.

పోషణ్ ట్రాకర్ యాప్ సంగతి వేరు. వాట్సాప్‌లో నంబరు మారితే అక్కడ మారదు. కొత్త నంబరు రాసిన దరఖాస్తు సూపర్‌వైజర్ ద్వారా సీడీపీవో ఆఫీసుకు ఇచ్చి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. బ్యాంకులో, ఆధార్‌లో కూడా మార్పించుకోండి. అవన్నీ అయ్యేదాకా పాత సిమ్‌ను చిన్న రీచార్జితోనైనా బతికించి ఉంచడం మేలు.

అడవి ఊళ్లలో డేటా విలువ తెలుసు కాబట్టి ఇదొకటి అడగకపోయినా చెబుతున్నాను. సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’లోకి వెళ్లి, మొబైల్ డేటా ఉన్నప్పుడు ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా టిక్కులన్నీ తీసేయండి. గుడ్ మార్నింగ్ బొమ్మలతో రోజు డేటా అయిపోయి, సాయంత్రం హాజరు ఫొటో ఎక్కకపోవడం అన్న తిప్పలు తగ్గుతాయి.

ప్రశ్న: మా హెడ్‌మాస్టర్ గారి నంబరు నుంచి స్టాఫ్ గ్రూపులోకి ‘ఆర్టీవో చలాన్’ అని ఒక ఫైలు వచ్చింది. సారే పంపారు కదా అని కొందరం తెరిచాం. సార్‌కు ఫోన్ చేస్తే నేను పంపలేదన్నారు. ఆయన వాట్సాప్ ఆయనకే తెరుచుకోవడం లేదు. ఇప్పుడు ఆయనేం చేయాలి, మేమేం చేయాలి?
- ఉపాధ్యాయురాలు, సూర్యాపేట జిల్లా

జవాబు: ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని ఉందా చూడండి. ఉంటే అది చలాన్ కాదు, ఫోన్‌లోకి దూరే యాప్. పీఎం కిసాన్ అని, పెళ్లి పత్రిక అని, బ్యాంకు కేవైసీ అని రకరకాల పేర్లతో తిరుగుతోంది. ఇన్‌స్టాల్ చేసి అనుమతులు ఇస్తే మీకొచ్చే ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది, ఓటీపీలు దొంగలకు చేరవేస్తుంది. ఆ ఓటీపీతోనే వాళ్లు వాట్సాప్ అకౌంటు పట్టుకుని, ఆ మనిషి ఉన్న గ్రూపులన్నిటికీ అదే ఫైలు పంపుతారు. హెడ్‌మాస్టర్ పంపితే టీచర్లు తెరుస్తారు, డీఈవో ఆఫీసు నుంచి వస్తే హెడ్‌మాస్టర్లు తెరుస్తారు. ఆఫీసు గ్రూపుల్లో మనకుండే నమ్మకమే వాళ్ల పెట్టుబడి.

మీ సంగతి ముందు. నొక్కి ఊరుకుని, ఇన్‌స్టాల్ చేయకపోతే భయపడొద్దు, ఫైలు తుడిచేయండి. ఇన్‌స్టాల్ చేసినవారు వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి, ఒక్క నిమిషం కూడా ఆలోచించకండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. తెలంగాణలో ఈ ఫిర్యాదులను చూసేందుకు సైబర్ సెక్యూరిటీ బ్యూరో ప్రత్యేకంగా ఉంది. ఆ తర్వాత యాప్‌ల జాబితాలో వెతికి ఆ దొంగ యాప్‌ను తీసేయండి. తీయడానికి రాకపోతే ఫొటోలు మాత్రం వేరే చోట దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

ఇప్పుడు హెడ్‌మాస్టర్ గారు. ఆయన ఫోన్‌లోనే ఆ యాప్ ఉండి ఉండొచ్చు. కాబట్టి సిమ్ తీసి వేరే శుభ్రమైన ఫోన్‌లో వేసుకుని, అక్కడ వాట్సాప్ పెట్టి తన నంబరు కొట్టాలి. ఎస్సెమ్మెస్‌లో ఆరంకెల కోడ్ వస్తుంది. అది కొట్టగానే దొంగ బయటికి పోతాడు. ఒక్కోసారి ఆ తర్వాత ఇంకో పిన్ అడుగుతుంది. అంటే ఆ దొంగ ఈలోగా ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ పెట్టాడన్నమాట. ఆ పిన్ తెలియకపోతే 7 రోజులు ఆగాలి. ఇక్కడ చాలామంది కంగారుపడి చేయి వదిలేస్తారు. అలా చేయొద్దు. పిన్ తెలియకపోయినా ఎస్సెమ్మెస్ కోడ్ కొట్టిన క్షణంలోనే ఆ దొంగ బయటికి వెళ్లిపోయాడు, ఆ వారం రోజులు ఆయన పేరుతో ఎవరూ ఏమీ పంపలేరు.

అకౌంటు చేతికి రాగానే ‘లింక్‌డ్ డివైసెస్’ తెరిచి, తెలియని కంప్యూటర్లేమైనా ఉంటే లాగ్ అవుట్ చేయాలి. ఈ దారిన కూడా దొంగలు వస్తున్నారు. ‘ఈ ఎనిమిది అక్షరాల కోడ్ మీ వాట్సాప్‌లో కొట్టండి, ఓటు వేసినట్టవుతుంది’ అని నమ్మిస్తారు. కొట్టామంటే వాళ్ల కంప్యూటర్‌ను మన అకౌంటుకు మనమే కలిపినట్టు.

ఆ వెంటనే సెట్టింగ్స్, అకౌంట్, ‘టూ స్టెప్ వెరిఫికేషన్’. ఆరంకెల పిన్ పెట్టుకోవాలి. పుట్టిన తేదీ వద్దు, బండి నంబరు వద్దు, ఏటీఎం పిన్ అసలే వద్దు. కింద ఈమెయిల్ అడుగుతుంది, చాలామంది ‘స్కిప్’ నొక్కేస్తారు. నొక్కకండి. పిన్ మర్చిపోయిన రోజు ఆ మెయిలే ఆదుకుంటుంది. ఈ సదుపాయం 2017 నుంచే ఉంది. మీ స్టాఫ్‌లో ఎంతమంది పెట్టుకున్నారో రేపు లంచ్ టైమ్‌లో అడిగి చూడండి. పెట్టుకోనివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని పెట్టించండి.

ప్రశ్న: పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాను. నైట్ షిఫ్ట్ దిగి పొద్దున పడుకుంటే షిఫ్ట్ గ్రూపు మోగుతూనే ఉంటుంది. ‘బ్లూ టిక్ పడింది, జవాబెందుకివ్వలేదు’ అంటారు ఇన్‌చార్జి. బ్లూ టిక్ రాకుండా చేసుకోవచ్చా?
- కెమిస్ట్, జడ్చర్ల

జవాబు: విడి చాట్‌లలో చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో ‘రీడ్ రిసీట్స్’ ఆపేస్తే సరి. అవతలివాళ్లు చదివారో లేదో మీకూ కనబడదు. గ్రూపుల్లో మాత్రం ఇది పనిచేయదు. మెసేజ్ నొక్కి పట్టి ‘ఇన్ఫో’ చూస్తే ఎవరెవరు చదివారో పంపినవాళ్లకు తెలుస్తుంది. అక్కడే ప్రైవసీలో ‘లాస్ట్ సీన్ అండ్ ఆన్‌లైన్’ అని ఉంది, దాన్ని ‘నోబడీ’కి మార్చండి. పడుకునే ముందు గ్రూపును 8 గంటలు మ్యూట్ చేయండి. ఆ ఎనిమిది గంటలూ మీరు ఆ గ్రూపు తెరవకపోతే టిక్కు నీలం కాదు. నిజంగా అవసరమైతే ఫోన్ కాల్ చేస్తారు, కాల్ మోగుతుంది.

సెట్టింగ్ చెప్పి ఊరుకుంటే సగం జవాబే అవుతుంది. ఫ్యాక్టరీ పనికి చట్టం వారానికి 48 గంటల హద్దు పెట్టింది, దాటితే రెట్టింపు కూలి అంటుంది. డ్యూటీ దిగాక మెసేజ్‌కు జవాబివ్వని హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. మన దగ్గర ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాబట్టి మీరు చట్టం పేరు చెప్పి ఇన్‌చార్జిని నిలదీయలేరు. మీ షిఫ్టువాళ్లంతా కలిసి ఒక మాట అడగొచ్చు: ‘షిఫ్టుకొక గ్రూపు పెట్టండి, మా షిఫ్టు సంగతులే మాకు పంపండి’ అని. నిద్రలేక డ్యూటీకొచ్చిన మనిషి రసాయనాల మధ్య నిలబడటం కంపెనీకీ క్షేమం కాదు. నేనైతే అక్కడి నుంచే మాట మొదలుపెడతాను.

ప్రశ్న: రైసు మిల్లులో ఓనరు గారి వాట్సాప్ ఆఫీసు కంప్యూటర్‌లో తెరిచి ఉంటుంది. కాంటా చీటీలు, లారీ నంబర్లు, రేట్లు అన్నీ అందులోనే. పాత గుమస్తా మానేసి వేరే మిల్లులో చేరాడు. మా రేట్లు అక్కడ ముందే తెలుస్తున్నాయని అనుమానం.
- గుమస్తా, మిర్యాలగూడ

జవాబు: మనిషిని అనుమానించే ముందు ఓనరు గారి ఫోన్‌లో ‘లింక్‌డ్ డివైసెస్’ చూడమనండి. ఫోన్ కాక నాలుగు పరికరాలను కలుపుకోవచ్చు. ఒక్కోదాని కింద చివరిసారి ఎప్పుడు వాడారో తేదీ, టైమ్ రాసి ఉంటుంది. మిల్లు మూసి ఉన్న వేళ వాడినట్టు కనబడితే సంగతి తేలిపోతుంది. తేలినా తేలకపోయినా అన్నీ లాగ్ అవుట్ చేసి, మీ కంప్యూటర్ ఒక్కదాన్నే మళ్లీ కలపండి. రేట్ల గ్రూపుల్లో పాత గుమస్తా సొంత నంబరు ఉందేమో కూడా చూడండి, చాలాసార్లు అసలు కారణం అదే. మిల్లు వ్యవహారానికి వాట్సాప్ బిజినెస్ అకౌంటు వేరే నంబరుతో పెట్టుకుంటే ఓనరు గారి ఇంటి సంగతులు కాంటా బల్ల మీద తెరిచి ఉండవు.

ప్రశ్న: మా స్కూలు తల్లిదండ్రుల గ్రూపుకు నేను అడ్మిన్‌ని. ఎవరైనా పెట్టకూడని పోస్టు పెడితే నా మీద కేసు పెడతారా?
- ఉపాధ్యాయుడు, నారాయణపేట జిల్లా

జవాబు: అడ్మిన్ అయినంత మాత్రాన ఇంకొకరి పోస్టుకు శిక్ష పడదు. 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు ఇదే తేల్చాయి. మీకు ఆ పోస్టుతో సంబంధం ఉన్నా, ముందే అనుకుని చేసినా అది వేరే సంగతి. ఆ తీర్పులు వేరే రాష్ట్రాల హైకోర్టులవి కాబట్టి మీ జాగ్రత్తలో మీరు ఉండండి. గ్రూపు పర్మిషన్లలో ‘సెండ్ న్యూ మెసేజెస్’ అడ్మిన్లకే పరిమితం చేయండి. సెలవు, ఫీజు, పరీక్ష తేదీల కోసం పెట్టిన గ్రూపులో అందరూ మాట్లాడాల్సిన పని లేదు, అడగాల్సిందేమైనా ఉంటే విడిగా అడుగుతారు. కొత్తవాళ్లు చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలనే సెట్టింగ్ కూడా పెట్టండి. పాత ఇన్వైట్ లింకు ఎక్కడెక్కడో తిరుగుతుంటే ‘రీసెట్ లింక్’ నొక్కండి. ఎవరైనా ఏదైనా పెడితే అడ్మిన్‌గా మీరే ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ చేయొచ్చు, కాకపోతే రెండు మూడు రోజుల్లోపే చేయాలి.

కేసు భయం కంటే నాకు పెద్దదిగా కనిపించేది ఇంకొకటుంది. స్కాలర్‌షిప్ కోసమని పిల్లల ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు గ్రూపులోనే వేయమంటున్నారు. అలా అడగకండి. ఆ కాగితాలు గ్రూపులో ఉన్నవారందరి ఫోన్లలోకీ, వాళ్ల బ్యాకప్‌లలోకీ వెళ్తాయి. తర్వాత మీరు తుడిచినా అక్కడ తుడవలేరు. విడిగా క్లాస్ టీచరుకే పంపమనండి, పని కాగానే ఆ టీచరు తుడిచేయాలి.

ప్రశ్న: వచ్చే ఏడాది రిటైరవుతున్నాను. ఇన్‌కమ్ టాక్స్, పింఛను, ఎల్‌ఐసీ అన్నిటికీ కాలేజీ ఇచ్చిన అధికారిక మెయిలే ఇచ్చాను. అది ఉంచుతారా?
- లెక్చరర్, వనపర్తి

జవాబు: ఉంచుతారని లెక్క వేసుకోకండి. ఇప్పటి నుంచే ఒక్కొక్కటిగా సొంత మెయిల్‌కు మార్చండి. మార్చడానికి కొన్నిచోట్ల పాత మెయిల్‌కే ఓటీపీ రావొచ్చు, అది మూసేశాక మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇన్‌కమ్ టాక్స్‌తో మొదలుపెట్టండి.

ఉత్తరాలు రాసే పాఠకులకు ఒక మనవి. సమస్య వివరంగా చెప్పాలని కొందరు తమ ఆరంకెల పిన్, ఇంకొందరు ఆధార్ నంబరు ఉత్తరంలోనే రాసి పంపుతున్నారు. అలా పంపినవారు ఆ పిన్ ఇవాళే మార్చుకోండి. మీ సందేహం తీర్చడానికి మాకు మీ ఊరు, మీ పని, ఫోన్ మోడల్ తెలిస్తే సరిపోతుంది.